శంకరవ్వ గుడ్డు శాస్త్రం

మెట్‌పల్లి సాలెవాడలో ఎవరింట్లో గుడ్డు పగిలినా ఆ చప్పుడు మొదట చేరేది శంకరవ్వ చెవికే. శంకరవ్వ గుడ్డు తినదు. మొగుడు పోయిన ఏడు మెడలో లింగకాయ కట్టించుకుంది. అప్పటినుంచి ఇరవై రెండేళ్లుగా దాని రుచి చూసింది లేదు. కానీ గుడ్డు కొట్టడం ఈ భూమ్మీద తనకొక్కదానికే వచ్చని ఆమె గట్టి నమ్మకం. వాడలో పదిహేను మగ్గాలు టకటకలాడుతున్నా సరే, నాలుగిళ్ల అవతల 'టప్' మంటే చాలు, చుడుతున్న నూలు కండె అక్కడే పడేసి లేచేది.

జమ్మికుంట నుంచి ఆ వాడకు కోడలిగా వచ్చిన అనసూర్య వారం తిరక్కముందే ఆమెకు దొరికిపోయింది. పొయ్యి మీద చింతపులుసు మరుగుతోంది. పొయ్యిగడ్డకు గుడ్డు తాకించిందో లేదో వెనకనుంచి కేక.

"ఆగు! గుడ్డా, తలుపా అది? ఊకె దబదబ కొడుతున్నవ్!"

అనసూర్య ఉలిక్కిపడి తిరిగేసరికి, బక్కపలచని ముసలామె గడప దాటి లోపలికి వచ్చేసింది. వస్తూనే మెడలోని లింగకాయను గిరుక్కున వీపు మీదికి తిప్పుకుంది.

"ఇగ దేవునికి కనపడదు. తే ఇటు."

"నువ్వు తినవట గదా అవ్వా, నీకెట్ల తెలుసు?"

"దవాఖాన్ల డాక్టరు అన్ని మందులు తాగి సూసే ఇస్తుండా?"

అనసూర్య గుడ్డు ఆమె చేతిలో పెట్టింది.

ఆ వాడలో గుడ్డు పులుసంటే ఉడకబెట్టిన గుడ్లు వేసేది కాదు. పచ్చి గుడ్డును చిన్న గిన్నెలో కొట్టి, సొన చెదరకుండా మరిగే పులుసులోకి జార్చాలి. అది మగవాళ్ల అన్నం తలెలో నిండుగా, గుండ్రంగా కూర్చోవాలి. దీనికి శంకరవ్వ దగ్గర లెక్కలేనన్ని పద్ధతులు. రోటి అంచుకు కొట్టడం ఒకటి. గంటె కాడతో తట్టడం ఇంకొకటి. గాజుకు తాకించే పద్ధతి అన్నిటికంటే నాజూకైనదట. తన చేతికి గాజులు లేవు కనుక పక్కనున్న కోడలు పిల్ల చెయ్యి లాక్కుని కొట్టేది. సగంసార్లు గాజే పగిలేది. రెండు గుడ్లను ఒకదానికొకటి ఢీకొట్టించి, పగలనిదాన్ని ఎత్తి చూపించి, "దీన్ని పొదుగుకు పెట్టు, పుంజయితది" అనేది. ఒకసారి బడిపంతులు రామచంద్రం వంటింట్లోకి తొంగిచూసిన పాపానికి ఆయన నుదుటికే కొట్టింది. "కదలకు సారూ, గిది పల్చటి పెంకు. గట్టి జాగా కావాలె."

ఇంత విద్య ఉన్నా, ఆమె అడుగుపెట్టిన ఇంట్లో రోజూ ఒక గుడ్డయినా చెడిపోయేది.

"అయ్యో, సొన చెదిరె! గిది మగ్గం మీద కూసునేటోళ్లకు పెట్టద్దు, పోగులు తెగుతయ్. పొయ్యి కాడ ఉన్నామెనే తినాలె. గిప్పుడే. నా ముంగటనే."

ఇది ఏ పుస్తకంలో ఉందని ఎవరూ అడగలేదు. మన దగ్గర శాస్త్రానికి పుస్తకం అక్కర్లేదు, గట్టి గొంతు ఉంటే చాలు. పైగా పోగు తెగని మగ్గం లోకంలో లేదు. తెగినప్పుడల్లా మగవాళ్లు, ఎక్కడో ఎవరో చెదిరిన గుడ్డు తినిపించారని ఖాయం చేసుకునేవాళ్లు. బళ్లో సైన్సు చెప్పే రామచంద్రం కూడా, మగ్గం లేకపోయినా, ఎందుకైనా మంచిదని చెదిరిన గుడ్డు ముట్టేవాడు కాదు.

పెళ్లయిన మూడో ఏడు అనసూర్యకు ఐదో నెల. అంతకుముందు ఒక కడుపు నిలవలేదు. దవాఖాన నర్సమ్మ కంటి రెప్ప కిందికి లాగి చూసి, "నెత్తురే లేదు. రోజుకో గుడ్డు తినకుంటే ఇదీ నిలవదు" అని చెప్పింది. ఆ మాట విని అత్త బుచ్చవ్వ నవ్వింది.

"నేను నలుగురిని కన్న. ఒక్క గుడ్డు మింగిన్నా?"

ఇంట్లో కోళ్లు పెట్టే గుడ్లు మామ గంగయ్యకు, మొగుడు సిద్దిరాములుకు. అనసూర్యకు దక్కేది శంకరవ్వ చెడగొట్టినదే. అదీ బుచ్చవ్వ కళ్లల్లో పడింది.

"రోజూ ఒకటి చెడగొడుతది! గింత శాస్త్రం తెలిసిన ముసల్దానికి ఒక్క గుడ్డు సక్కగ కొట్టరాదా?"

మర్నాటినుంచి తలుపుకు గొళ్లెం. చప్పుడు రాకుండా తడి కొంగులో గుడ్డు చుట్టి, దొంగసొమ్ము దాచినట్టు ఒళ్లో పెట్టుకుని బుచ్చవ్వే నొక్కి పగలగొట్టేది. ఒక్క సొనా చెదరలేదు. నాలుగు రోజులు అనసూర్య తలెలో ఉత్త పులుసే.

ఐదో రోజు తలుపు అవతల గొంతు వినపడింది.

"బుచ్చవ్వా, కోళ్లు పెడ్తలెవ్వా?"

"ఈకలు రాలుతున్నయ్, పెడ్తలెవ్వు!"

సరిగ్గా అప్పుడే వెనక దొడ్లో ఒక కోడి, గుడ్డు పెట్టానని వాడంతటికీ చాటుతూ కొక్కొక్కొమంది.

శంకరవ్వ మళ్లీ తలుపు తట్టలేదు. అటునుంచటే మగ్గం గది కిటికీ దగ్గరికి పోయింది.

"గంగయ్యా, పోగులు మంచిగున్నయా?"

"యాడ మంచిగ! పొద్దటినుంచి తెగుడే తెగుడు."

"తెగవా మరి" అని ఒక నిట్టూర్పు వదిలి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం కాకముందే గంగయ్య వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"గుడ్లు ఎవలు కొడుతున్నరే?"

"నేనే. ఒక్కటి చెదరలే."

"నీకేం తెలుసు, లోపల్లోపలనే చెదిరి ఉంటది! పో, శంకరవ్వను పిలువుపో!"

శంకరవ్వ వచ్చింది. లింగకాయ వీపు మీదికి పోయింది. ఈసారి బుచ్చవ్వ ఆమె మోకాలికి మోకాలు ఆనించి కూర్చుని, రెప్పవేయకుండా ఆ చేతులే చూస్తోంది. అటుపక్క అనసూర్య గొట్టంతో పొయ్యి ఊదుతోంది.

గంటె కాడతో ఒక్క తట్టు. డబ్బా మూత తీసినంత సులువుగా పెంకు రెండయింది. సొన గుండ్రంగా, చెక్కుచెదరకుండా గిన్నెలోకి జారింది. అంతటి పనితనం అనసూర్య పుట్టి ఎరగదు. ఆ వెంటనే శంకరవ్వ చిటికెనవేలు వచ్చి, గోరు సొనలోకి దించింది.

"అయ్యో, చెదిరె!"

అనసూర్య తలెత్తింది. అత్త కూడా చూసింది. పులుసు కుతకుతలాడుతోంది. ఇక ఈ ఇంట్లో తనకు గుడ్డు లేనట్టేనని అనసూర్య గొట్టం కింద పెట్టేసింది. బుచ్చవ్వ నోరు తెరిచేలోపే శంకరవ్వ రెండో గుడ్డు కొట్టింది. మళ్లీ అదే గోరు. ఈసారి దాచే ప్రయత్నం కూడా చేయలేదు.

"గిది సుత చెదిరె. ఒకటి కోడలికి. ఒకటి నీకు."

"నాకెందుకే?"

"నలుగురిని కన్నవ్ గదా. ఇంకా ఆకలైతలేదా?"

బుచ్చవ్వ తలె తీసుకుని గోడవైపు తిరిగి కూర్చుంది. ఒక్క గుడ్డు తినడానికి చాలాసేపే పట్టింది.

"ఏమైందే, గుడ్లేవి?" ముందు గదిలోంచి గంగయ్య అరిచాడు.

"రెండు చెదిరినయ్!" నోటినిండా అన్నంతో బుచ్చవ్వ తిరిగి అరిచింది. "నీ పోగుల కోసమే తింటున్నం!"

మాఘమాసంలో అనసూర్య ఆడపిల్లను కంది. బొద్దుగా ఉంది, గొంతు నాలుగిళ్లకు వినపడింది. మూడో రోజు పొద్దున, కోళ్లగూటిలో చేయి పెడితే బుచ్చవ్వకు నాలుగు గుడ్లు దొరికాయి. మగవాళ్లిద్దరూ వినేలా, గోడ మీంచి కేకేసింది.

"శంకరవ్వా! నాలుగున్నయ్. జర వచ్చి అన్నీ చెడగొట్టి పో!"