అక్క మెదడులో చీలిన గాడి

ఆ స్కానింగ్ కేంద్రంలో ఆమెను అందరూ గీతలక్క అంటారు. పంతొమ్మిదేళ్లుగా ఆమె చేసేది ఒకటే పని. తెర మీద మనిషి మెదడు బొమ్మ పెట్టుకుని, మడతల మధ్య గాడుల వెంట ఎలక్ట్రానిక్ పెన్నుతో ఒక్కో గీతా గీయడం. ఒక్క మెదడుకి రెండు రోజులు పడుతుంది. మెడ పట్టేస్తుంది, కళ్ళు లాగేస్తాయి, టీ చల్లారిపోతుంది. అయినా ఆ పని ఇంకొకరి చేతికివ్వదు. పెన్ను కూడా ఇవ్వదు, సొరుగులో పెట్టి తాళం వేసుకునే ఇంటికెళ్తుంది.

ఇంతకీ ఈ గీతలు ఎందుకంటారా? మనిషి ఏ పనీ లేకుండా స్కానర్‌లో పడుకున్నా, మెదడులో దూరదూరంగా ఉన్న కొన్ని చోట్లు జట్టుకట్టి ఒకే లయలో నడుస్తుంటాయి. చూపుకో జట్టు, మాటకో జట్టు, తనలో తాను ఆలోచించుకోవడానికి మరో జట్టు. ఆ జట్ల సరిహద్దులు మడతలను బట్టి సాగుతాయా, వాటి దారి వాటిదేనా అన్నది పెద్ద డాక్టరుగారు తేల్చాలనుకుంటున్న సంగతి. పెద్ద గాడులు అందరికీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. నుదుటి వెనక ఉండే చిన్నచిన్న గాడులే ఒకరికున్నట్టు ఇంకొకరికుండవు. గీతలక్క ప్రాణమంతా వాటి మీదే. పేరు చూడకుండా గాడులు చూసే ఇది ఫలానావాళ్ళ మెదడని చెప్పేస్తుంది.

అలాంటి గదిలోకి ఆరు నెలల కిందట కొత్త ఉద్యోగి వచ్చింది. ఊళ్ళో ఇంకెవరూ దొరకనట్టు, వచ్చింది సొంత చెల్లెలే. ఒక ప్రోగ్రామ్ రాసింది. అక్క రెండు రోజులు కూర్చుని గీసే గీతల్ని అది నాలుగు నిమిషాల్లో గీసి పారేస్తుంది.

గీతలక్కకి కడుపు మండిపోయింది. చిన్నప్పటి నుంచీ ఇదే వరస. అక్క ఏడాదంతా కూర్చుని తెచ్చుకున్న మార్కులు చెల్లి పరీక్ష ముందు రోజు పుస్తకం తిరగేసి తెచ్చుకునేది. అమ్మ తన గాజులు అక్కకిస్తూ కూడా, "చిన్నదాని చేతికైతే ఇంకెంత అందంగా ఉండేవో" అంది. ఆ గాజులు ఆమె ఇప్పటికీ వేసుకోలేదు.

పెద్ద డాక్టరుగారు పంచాయితీ శుక్రవారానికి పెట్టారు. పది మెదళ్ళు. అక్క గీతలొక పక్క, ప్రోగ్రామ్ గీతలొక పక్క. ఏవి జట్ల సరిహద్దులకి దగ్గరగా వస్తే ఆ పద్ధతే ఉంటుంది. ప్రోగ్రామ్ గెలిస్తే గీతలక్క బల్ల ఎత్తేసి, ఆమెను కింద పేర్లు రాసుకునే కౌంటర్‌కి పంపిస్తారు.

సోమవారం భోజనాల వేళ చెల్లెలు చేతులు కడుక్కోవడానికి వెళ్ళినప్పుడు గీతలక్క ఆమె తెర ముందు నిలబడింది. ఏడో మెదడు చూసి గుర్తుపట్టింది. అది తనదే, ఈ పరిశోధన కోసం ఒకప్పుడు తనూ స్కానర్‌లో పడుకుంది. ఆమె ఎడమ నుదుటి వెనక ఒక చిన్న గాడి కొమ్మలా రెండుగా చీలి ఉంటుంది. చెల్లెలి తెర మీద అది కుడివైపున ఉంది.

ఆమెకు క్షణంలో అర్థమైపోయింది. పాత స్కాన్లు రోగి మనకెదురుగా ఉన్నట్టు తీసినవి, ఎడమది కుడివైపు కనిపిస్తుంది. కొత్త ప్రోగ్రామ్‌కి ఇచ్చేముందు వాటిని తిప్పాలి. చెల్లెలు తిప్పలేదు. పది మెదళ్ళూ కుడి ఎడమలు మారిపోయి ఉన్నాయి. పెద్ద గాడులు రెండువైపులా ఒకేలా ఉంటాయి కాబట్టి ఎవరి కంటా పడలేదు.

"ఏంటక్కా చూస్తున్నావ్? ఏమైనా తేడా కనిపించిందా?" చెల్లెలు చేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"నాకేం తెలుస్తుంది తల్లీ! నావి చేతి గీతలు. నీవి పెద్ద చదువులు."

నోరు కుట్టేసుకుని నాలుగు రోజులు గడిపింది. బుధవారం మెడ పట్టేసి మూలుగుతుంటే చెల్లెలొచ్చి మందు రాసింది. అప్పుడు మాట గొంతు దాకా వచ్చింది. సరిగ్గా అదే సమయానికి పెద్ద డాక్టరుగారు అటుగా వెళ్తూ, "మీ చెల్లెలు బంగారమమ్మా" అన్నారు. వచ్చిన మాట వచ్చినట్టే వెనక్కి పోయింది.

శుక్రవారం ఫలితాలు గోడ మీద వేశారు. పెద్ద గాడుల దగ్గర ఇద్దరూ సమానం. చిన్న గాడుల దగ్గర ప్రోగ్రామ్ గీతలు ఎక్కడెక్కడికో పోయాయి. అక్క గీతల పక్కనే జట్ల సరిహద్దులు నడిచాయి. "మీ బల్ల ఎక్కడికీ పోదు" అన్నారు పెద్ద డాక్టరుగారు. అందరూ చప్పట్లు కొట్టారు. చెల్లెలి ముఖం చూసి అక్కకి జాలేసిందని చెప్తే వినడానికి బాగుంటుంది గానీ, అది అబద్ధం. వేయలేదు. ఎన్నేళ్ళకో కడుపు చల్లబడింది.

సాయంత్రం ఆమె పెన్ను సొరుగులో పెడుతుండగా చెల్లెలు పరుగున వచ్చింది.

"అక్కా, తప్పు దొరికింది! కుడి ఎడమలు తారుమారయ్యాయి. నీ మెదడు వల్లే పట్టుకున్నా. ఎడమవైపు చీలిన గాడి ఉందని ఇంటికొచ్చిన వాళ్ళందరికీ చెప్తావు కదా, అది నాకు కుడివైపు కనిపించింది!" నవ్వుతూనే ఆగింది. "సోమవారం నువ్వు నా తెర ముందు నిలబడ్డావు కదూ. నీకు కనిపించలేదా?"

బొంకడం చాలా తేలిక. అయినా నోరు రాలేదు.

"కనిపించింది."

"అప్పుడే తెలిసిందా?"

"తెలిసింది."

చెల్లెలు కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇందాక సరిచేసి మళ్ళీ నడిపాను" అంది. "పెద్ద గాడులు నా ప్రోగ్రామ్ చక్కగా గీసింది. చిన్న వాటి దగ్గర మాత్రం పదింట్లో తొమ్మిదింటికి నీ గీతలే దగ్గరగా వచ్చాయి. నాకు చెప్పి ఉన్నా నువ్వే గెలిచేదానివక్కా."

లేచి, సంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయింది. ఆరు నెలలుగా ఇద్దరూ ఒకే బస్సులో ఇంటికి వెళ్తున్నారు. గీతలక్క సొరుగు తాళం చేతిలో పట్టుకుని కిటికీలోంచి చూసింది. బస్సు వచ్చింది, చెల్లెలు వెనక్కి చూడకుండా ఎక్కింది.