వెనక గది చూడటానికి వచ్చిన మేడమ్

మా ఇల్లు చూడటానికి ఒక మేడమ్ వస్తుందని తెలిసిన దగ్గర్నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర సరిగా పట్టలేదు. దత్తతకు దరఖాస్తు పెట్టుకున్నవాళ్ల ఇంటికి ఒక సోషల్ వర్కర్ వచ్చి, మనుషులెలాంటివాళ్లో, పిల్ల అక్కడ బాగా పెరుగుతుందో లేదో చూసి రిపోర్టు రాస్తుంది. ఆ రిపోర్టు బాగుంటేనే మాకు పిల్ల. మేం అడిగింది పసిగుడ్డును కాదు, నాలుగు దాటి ఆరేళ్లలోపు ఉన్న ఆడపిల్లను.

మా ఆయన ఉక్కు ఫ్యాక్టరీలో సెలవు పెట్టి గేటుకు రంగు వేశాడు. సగం గేటుకు, సగం చొక్కాకు. తర్వాత అద్దం ముందు నిలబడి జవాబులు వల్లె వేశాడు.

"కోపం వస్తే ఏం చేస్తారని అడిగితే ఏం చెప్పమంటావ్?"

"గేటుకు రంగేస్తానని చెప్పండి" అన్నాను.

అత్తయ్యది శ్రీకాకుళం వైపు. పెళ్లయిన నాటి నుంచీ రాయ్‌పూర్‌లోనే ఉన్నా కొన్ని విషయాల్లో ఆవిడ ఇంకా రైలెక్కలేదు. దేవేంద్ర నగర్‌లో మా ఇంటి వెనక గదిని పిల్ల కోసం ఖాళీ చేశాం. అందులో ఒక చిన్న మంచం, కొన్ని బొమ్మలు, గౌన్లు పెడదామంటే ఆవిడ ఒప్పుకోలేదు.

"పిల్ల గుమ్మం తొక్కేక కొనుక్కుందుమమ్మా. ముందే కొంటే దిష్టి తగులుతాది. అంత జల్దీ ఏటి?"

నేనూ సరేనన్నాను. ఒకసారి కడుపుతో ఉన్నప్పుడు ఆగలేక ఉన్ని టోపీ అల్లాను. ఐదో నెలలో కడుపు పోయింది. టోపీ వల్ల కాదని నాకు తెలుసు. తెలిసినా, ఊలు దుకాణం కనబడితే ఇప్పటికీ రోడ్డు దాటి అవతలి పక్కన నడుస్తాను. అందుకే ఆ గదిని కడిగి, తుడిచి, ఖాళీగానే ఉంచాం. శుభ్రంగా ఉంది కదా, అది చాలనుకున్నాను.

టాటీబంధ్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని మేడమ్ ఆలస్యంగా వచ్చింది. మా ఆయన్ని అడగాల్సినవన్నీ అడిగింది, కోపం ప్రశ్న తప్ప. వంటగది చూసింది, మేడ మెట్లు చూసింది. చివరికి వెనక గది తలుపు తీసి అక్కడే ఆగిపోయింది.

"ఏమీ సిద్ధం చేయలేదే?" అని హిందీలో అడిగింది. "మీకు నిజంగా పిల్ల కావాలా?"

అత్తయ్య ముందుకొచ్చి, తనకొచ్చిన హిందీలో గడగడా చెప్పేసింది. మాలో బిడ్డ పుట్టకముందు ఏమీ కొనరని, కొంటే బిడ్డకు మంచిది కాదని, కోడలి తప్పు లేదని, తనే వద్దందని.

మేడమ్ నవ్వలేదు, విసుక్కోలేదు.

"మాతాజీ, మీరు అడిగింది నాలుగేళ్లు దాటిన పిల్లను కదా. ఆ పిల్ల ఎప్పుడో పుట్టేసింది" అంది.

ఇన్నాళ్లూ నా పిల్ల రావాలి, రావాలి అనుకున్నాను గానీ, ఎక్కడో ఉంది అని ఒక్కనాడూ అనుకోలేదు. ఉంది. మాటలు కూడా వచ్చేసి ఉంటాయి. ఈ పూట ఎవరు అన్నం పెట్టారో. తల చిక్కు తీస్తుంటే ఏడిస్తే ఎవరు ఊరుకోబెడతారో, అసలు ఊరుకోబెడతారో లేదో. చూడని పిల్ల మీద అంత బెంగ పుడుతుందని నాకు తెలియదు. గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

గది సిద్ధమయ్యాక మళ్లీ వస్తానని, అప్పటిదాకా రిపోర్టు పంపనని చెప్పి మేడమ్ వెళ్లింది. ఆమె ఆటో మలుపు తిరగకముందే అత్తయ్య చీర మార్చుకుని వచ్చింది.

"పదమ్మా, బజారుకెళ్దుం. పుట్టీసిన పిల్లకి దిష్టేటి?"

మంచం చేయమని చెప్పాం, పువ్వుల దుప్పటి కొన్నాం. చెప్పుల దుకాణంలో అత్తయ్య ఒక ఎర్ర జత చేతిలోకి తీసుకుంది. సైజెంత అని దుకాణదారు అడిగాడు. అత్తయ్య నా వైపు చూసింది. నేను వేళ్లు చాపి ఇంత అని చూపించబోయాను. కొంచెం దగ్గరకు తెచ్చాను, మళ్లీ కొంచెం ఎడం చేశాను. నాకు తెలియదు.

"పిల్లను తీసుకురండి, తొడిగి చూద్దాం" అన్నాడతను.

"తెస్తాం బాబూ" అంది అత్తయ్య, చెప్పులు మాత్రం కింద పెట్టకుండా.

కొనడానికి వచ్చినవాళ్లంతా చూస్తుండగా, ఆ దుకాణంలోనే బల్ల మీద కూలబడి ఏడ్చేశాను.