కాగితం మీద గరిడీ

నా బతుకులో నేను సొంతంగా తయారుచేసిన వస్తువు ఒక్కటే, ఒక ఆట. అది సరదాకు పుట్టింది కాదు. ఒక మనిషి ఆట కట్టించడానికే ఆ ఆట తయారుచేశాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ప్రభుత్వమైతే వచ్చింది గానీ దాన్ని పెట్టుకోవడానికి ఊళ్లో చోటు లేదు. ఆఫీసులకు డేరాలు వేశారు, గుమాస్తాలకు డేరాలు వేశారు. ఎండాకాలం ఆ గుడ్డ కింద కూర్చుంటే సిరా బుడ్డిలోనే ఎండిపోయేది. నేను కోడుమూరు దగ్గరి పల్లె నుంచి వచ్చి కొత్తగా ఉద్యోగంలో చేరాను. మా డేరాలో ముగ్గురం. ఒకాయన మైదుకూరు టైపిస్టు, యాభై దాటిన మనిషి, ఎవరితోనూ పేచీ లేనివాడు. రెండోవాడు కోస్తా గుమాస్తా. నా ఈడువాడే, మద్రాసులో పనిచేసి వచ్చాడు. ఆ దుమ్ములో కూడా అతని చొక్కా మీద ముడత కనిపించేది కాదు. ఆ చొక్కా చూస్తేనే నాకు ఒళ్లు మండేది.

అతను వచ్చిన రోజు మర్యాదగానే పలకరించాను. "యాడ నుంచి వచ్చినావప్పా?" అన్నాను.

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. "వచ్చినావా? మీ వైపు 'మీరు' అనడం నేర్పరాండీ?" అన్నాడు.

మరునాడు ఆఫీసు డేరాలో, అందరూ ఉండగా, ఒక ఫైలు చేతిలో పట్టుకుని గట్టిగా అన్నాడు. "ఈ ఫైలు ఈడ ఉండాది. రెండోది యాడ ఉండాదో నాకు తెల్దప్పా." అచ్చం నా గొంతే. డేరా అంతా పకపకా నవ్వింది. సూపరింటెండెంటు చేత్తో నోరు కప్పుకున్నాడు. అప్పటినుంచి నేను నోరు తెరిస్తే చాలు, వెనకనుంచి ఆ గొంతు వచ్చేది. మంచినీళ్లు అడగాలన్నా ముందు మాట సరిచూసుకుని అడిగే స్థితికి వచ్చాను. అతన్ని ఎంత ద్వేషించానో చెబితే ఇప్పటి పిల్లలు నవ్వుతారు. నవ్వనీ.

నా దగ్గర ఉన్న గొప్ప ఒక్కటే, మా జేజినాయన, మా నాయనకు నాయన. మా ఊళ్లో ఆయన గరిడీ నడిపాడు. కర్రసాము, కత్తిసాము, కుస్తీ, అన్నీ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లు చుట్టుపక్కల పల్లెల్లో హిందువుల్లోనూ ఉన్నారు, ముసల్మానుల్లోనూ ఉన్నారు. పీర్ల పండగకు నాలుగూళ్ల గరిడీలు మా ఊరి బరిలో దిగేవి. ఆయన దగ్గర సాము అంతా నేర్చుకున్నానని డేరాలో చెప్పుకున్నాను. నిజానికి నేను నేర్చుకున్నది పది రోజులు. పదకొండో రోజు ఆయన నా చేతిలో కర్ర తీసుకుని, "నీకు సాము రాదు నాయనా. కోపమే వస్తాది. పో, పలక పట్టుకో" అన్నాడు. ఆ తరవాత ఏళ్ల తరబడి గోడ మీద కూర్చుని చూశాను. ఏ దెబ్బకు ఏ కాపు వేయాలో నాకు కంఠతా వచ్చు, చేతికి రాదు.

ఆదివారాలు మేం ముగ్గురం పేకాడేవాళ్లం. గెలిచేది ఎప్పుడూ ఆ కోస్తావాడే. ఒక ఆదివారం ముక్కలు విసిరికొట్టి, "ఇంతకంటే మంచి ఆట నాకు తెలుసు, వచ్చేవారం ఆడిస్తాను" అన్నాను. అప్పటికి నాకు ఏ ఆటా తెలియదు.

ఆ వారమంతా కూర్చున్నాను. పనికిరాని ఫారాల వెనకవైపులు జిగురుతో అతికించి పెద్ద కాగితం చేశాను. ఎర్ర పెన్సిలుతో దారి గీశాను. కోడుమూరులో బయలుదేరి, కర్నూలు, బనగానపల్లె, మైదుకూరు మీదుగా కడప చేరాలి. ప్రతి ఊళ్లో ఒక బరి, బరికొక ఉస్తాదు. ఆడేవాడు ఒక మనిషిని ఎంచుకోవాలి, కర్రవాణ్ణో, కత్తివాణ్ణో, కుస్తీవాణ్ణో. ప్రతి మనిషికి మూడు కుప్పల చింతగింజలు. ఒకటి బలం, ఒకటి దమ్ము, ఒకటి పరువు. బలం అయిపోతే పడిపోతాడు, దమ్ము అయిపోతే ఒక దినం పడుకుంటాడు. పరువు అయిపోతే మాత్రం ఇంటికి వెళ్లిపోవలసిందే, మళ్లీ రావడం లేదు.

ఆటలో నాకు మనిషి లేడు. దారి నేను, ఎండ నేను, ఎదురొచ్చే ఉస్తాదు నేను. "ఉస్తాదు కర్ర ఎత్తినాడు, మోకాలి మీదికి వస్తాండాది, ఏం చేస్తావు?" అని నేను అడగాలి. ఆడేవాడు చెప్పాలి. చెప్పినదాన్ని బట్టి ఆరు గవ్వల్లో ఎన్ని వెల్లకిలా పడాలో నేను నిర్ణయిస్తాను. గవ్వలు పడ్డాక ఏం జరిగిందో కూడా నేనే చెబుతాను.

నాలో నేనే ఆడి చూసుకున్నాను. మొదట బలానికి ఇరవై గింజలు పెడితే పోట్లాట ఎంతకీ తెగలేదు. తొమ్మిదికి దించాను. కర్రవాడి ముందు కత్తివాడు నిలవలేకపోతున్నాడని, కత్తివాడికి దగ్గరికి దూరే ఉపాయం ఒకటి ఇచ్చాను. గవ్వలు కలిసిరానివాడు తెలివితో గెలవడానికి సందు పెట్టాను. అంత శ్రద్ధగా నేను ఆఫీసు పని ఒక్కనాడూ చేయలేదు. ఆ వారం నాకు సంతోషంగా ఉండింది, ఆ మాట ఒప్పుకోవాలి.

కానీ ఆ శ్రద్ధంతా వల పన్నడానికే. దారి పొడుగునా కోస్తావాడికి తెలియనివే పెట్టాను. ఏ నెలలో ఏ బావి ఎండుతుందో తెలియాలి. ఏ పల్లెలో ఎవరి పక్షమని అడగకూడదో తెలియాలి. దారిలో పెద్దవాళ్లను మా మాటలో పలకరించకపోతే పరువులో ఒక గింజ పోతుంది. మొదటి ఆదివారమే అతని పరువు కుప్పలో ఏడు గింజలు లాగేసుకున్నాను. గింజలు నా డబ్బాలో పడుతుంటే వచ్చిన చప్పుడు ఎంత ఇంపుగా ఉండిందో.

అతను పోట్లాడలేదు. నేర్చుకోవడం మొదలుపెట్టాడు. రోజూ సాయంత్రం టైపిస్టును పట్టుకుని అడిగేవాడు. బనగానపల్లె మామిడితోటల దగ్గరికి వచ్చేసరికి, తోటమాలిని ఉద్దేశించి, "ఏమప్పా, ఈడ నీళ్లు యాడ ఉండాయి?" అన్నాడు. వెక్కిరింపు లేదు. దాహం వేసినవాడు అడిగినట్టే అడిగాడు. టైపిస్టు చప్పట్లు కొట్టి, "శానా బాగ చెప్పినావప్పా!" అన్నాడు. పలికిన తీరు సరిగ్గా లేదని నేను ఒక గింజ తీసుకున్నాను.

ఇంకొక పని కూడా చేసేవాడు. ప్రతి బరి దగ్గరా, "ముందు మట్టికి దండం పెట్టి తరవాత దిగుతానండీ" అనేవాడు. నేను రాసుకున్న నియమాల్లో అది లేదు. టైపిస్టు చెప్పి ఉంటాడు. గరిడీలో అన్నిటికంటే ముందు చేసే పని అదే. మనిషి వంగి మట్టిని కళ్లకు అద్దుకునేదాకా ఎదుటివాడు కర్ర కింద ఆనించి నిలబడాలి. జేజినాయన మనవణ్ణి నేను, మొదట రాయవలసింది అదే, నేను రాయలేదు. ఆ పది రోజుల్లో నాకు నచ్చని పని అదొక్కటే.

మైదుకూరులో టైపిస్టు కుస్తీవాడు ఓడిపోయాడు. సొంత ఊళ్లోనే పరువు పోయిందని ఆయన కడుపుబ్బ నవ్వుకున్నాడు. ఇక కడప బరికి మిగిలింది కోస్తావాడి కర్రవాడొక్కడే. ఆట సంగతి అప్పటికి ఆఫీసంతా పాకింది. ఒక మధ్యాహ్నం అందరి ముందూ పందెం వేసుకున్నాం. కడపలో అతను ఓడితే ఇక జన్మలో నా మాటను వెక్కిరించకూడదు. గెలిస్తే నేను ఆఫీసులో నా మాట వదిలిపెట్టి 'అండీ' అంటూ కోస్తా మాట మాట్లాడాలి. నా నోట్లోని నాలుకను పందెంలో పెట్టానని ఆ రాత్రి గాని తెలిసిరాలేదు.

కడప ఆదివారం వచ్చింది. డేరా గుడ్డ పైకి కట్టినా గాలి లేదు. నేను గింజలు చూశాను. అతనికి బలం నిండుగా ఉంది, పరువు కూడా మళ్లీ సంపాదించుకున్నాడు. కడప ఉస్తాదుకు నేను పెట్టిన బలంతో, గవ్వలు ఎటు పడినా, నేను నిలవలేనని అర్థమైంది. నియమాలు రాసింది నేనే కదా, ఎంత బాగా రాశానో అప్పుడు తెలిసింది.

"బరి దగ్గరికి వచ్చినావు. ఏం చేస్తావు?" అన్నాను.

"మట్టికి దండం పెడతానండీ."

"నువ్వు వంగినావు. ఉస్తాదు కర్ర నీ నెత్తిన పడింది. లేయలేవు. అయిపోయింది ఆట."

టైపిస్టే ముందు నోరు విప్పాడు. "అట్ల కొట్టరప్పా. మట్టి ముట్టినోన్ని ఎవురూ కొట్టరు. ఏం మాట అది?"

"నా ఆట. నా ఆటలో కొడతారు."

కోస్తావాడు గవ్వలు కింద పెట్టాడు. నా మొహంలోకి చూసి నెమ్మదిగా అడిగాడు. "ఆట సంగతి వదిలేయండి. మీ తాతగారి గరిడీలో అలా కొట్టేవారాండీ? అదొక్కటి చెప్పండి. కొట్టేవారంటే నేను ఓడిపోయినట్టే, ఒప్పుకుంటాను."

లేదంటే నేను మోసగాణ్ణి, రేపటినుంచి అతని మాట నా నోట్లో. ఔనంటే పందెం నాది. మా జేజినాయన చచ్చిపోయి అప్పటికి రెండేళ్లు. ఆయన వచ్చి అడగడు కదా అనుకున్నాను.

"ఔ," అన్నాను. "మా జేజినాయన గరిడీలో కొడతాండిరి."

టైపిస్టు నా వైపు చూసి తల దించుకున్నాడు. కోస్తావాడు తన మూడు కుప్పలూ ఒక్కటి చేసి నా వైపు తోశాడు. "అయితే ఓడిపోయానండీ," అన్నాడు.

మాట నిలబెట్టుకున్నాడు. సోమవారం నుంచి వెక్కిరింపు లేదు. ఇంకెవరైనా నా మాటను అనుకరించబోతే, "వద్దండీ, పందెం ఉంది" అని అతనే ఆపేవాడు. నాతో ఫైళ్ల గురించి తప్ప మాట్లాడేవాడు కాదు. నేను గెలిచాను, కోరుకున్నదంతా దొరికింది. అతన్ని ముందుకంటే ఎక్కువ ద్వేషించాను. అతను ఒక్కసారి మాట తప్పితే చాలు, నాకు ప్రాణం కుదుటపడేది. తప్పలేదు.

టైపిస్టు మంచివాడే గాని కడుపులో మాట దాచుకోలేడు. మైదుకూరు పోయినప్పుడు అక్కడి గరిడీవాళ్లతో అన్నాడట, కోడుమూరు వైపు ఒక గరిడీలో దండం పెట్టేవాణ్ణి కొడతారట, మనవడే చెప్పాడు అని. వాళ్లు ఇంకొకరితో అన్నారు. మాటకు బస్సు టికెట్టు అక్కర్లేదు. దారిలో ఎక్కడో 'మనవడే చెప్పాడు' అన్న ముక్క రాలిపోయింది, మిగతాది మా ఊరికి చేరింది.

ఆ ఏడు పీర్ల పండగకు ఇంటికి పోయాను. జేజినాయన శిష్యుడొకడు, ఆయన తరవాత మా ఊరి ఉస్తాదు, బరిలో ఎర్రమట్టి తిరగేసి, నీళ్లు చల్లి, సాంబ్రాణి వేసి పెట్టాడు. రెండూళ్ల గరిడీలు అసలు రాలేదు. వచ్చినవాళ్లు బరి బయటే నిలబడ్డారు. ఉస్తాదు పోయి పిలిచాడు. వాళ్లలో పెద్దవాడు, "తప్పుగ అనుకోవద్దు. మీ కాడ దండం పెడితే నెత్తిన కొడతారంట గదా. మా పిల్లోల్లను ఎట్ల దింపేది?" అన్నాడు. ఉస్తాదు వెనక్కి తిరిగి బరిలోకి నడిచాడు. అందరూ చూస్తుండగా మట్టికి దండం పెట్టి, ఎదుట ఎవరూ లేకుండా, ఒక్కడే కర్ర తిప్పాడు. అది చూడలేక ఇంటికి వచ్చేశాను.

జేజి నా ముందు పళ్లెం పెట్టింది. సంగటి, పప్పు. ఆమె ఏడ్చి ఏడ్చి ఉంది, కళ్లు వాచిపోయాయి.

"మీ జేజినాయన ఆ మట్టి ముట్టకుండ ఒక దినం అన్నం తిన్న్యోడు కాదు," అంది. "ఆయప్ప పేరు ఇట్ల చెడగొట్టినారు. ఆ మాట కర్నూల్లో పుట్టిందంట. నువ్వు ఆడనే ఉండావు గదా నాయనా. ఎవుడన్న్యాడో నీకేమన్నా తెల్సునా?"

అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. బరి నూరు గజాల దూరంలోనే ఉంది, జనం ఇంకా పోలేదు. లేచి వెళ్లి, అది అబద్ధం, ఆ అబద్ధం నాది అంటే సరిపోయేది.

"మా డేరాలో కోస్తావాడొకడు ఉండాడు జేజీ," అన్నాను. "వాడే."

"వాని నోట్లో మన్ను పడ," అంది జేజి. అంటూ నా పళ్లెంలోకి ఇంకో సంగటి ముద్ద జార్చి, పక్కన కూర్చుని, నేను సరిగా తింటున్నానో లేదోనని నా నోటి వైపే చూస్తూ ఉండింది. నేను తిన్నాను.