వంతెన రాక్షసుడి గొంతు

అది 2022, ఎండలు ముదిరిన రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల మధ్య, ఒక చెప్పుల షాపు మీది అంతస్తులో ఉన్న బోర్డ్ గేమ్ కేఫ్‌లో ప్రతి ఆదివారం మధ్యాహ్నం నేను రాక్షసుల్ని తయారుచేసేవాణ్ణి. ఇప్పటికీ నా వృత్తి అదే. చుట్టాలడిగితే మా ఆవిడ ‘ఈవెంట్ మేనేజ్‌మెంట్’ అని చెప్పి మాట మార్చేస్తుంది.

నన్ను గేమ్ మాస్టర్ అంటారు. బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లు తలా ఒక వీరుడి పాత్ర తీసుకుంటారు. బల్ల మీద ప్రతి పాత్రకూ ఒక చిన్న బొమ్మ ఉంటుంది. కథ నేను చెబుతాను. దారిలో ఎదురయ్యే రాజు, దొంగ, ముసలమ్మ, రాక్షసుడు అందరూ నేనే. కత్తి దెబ్బ తగిలిందా లేదా అన్నది ఇరవై ముఖాల డైస్ తేలుస్తుంది. చిన్నప్పటినుంచీ కోతలు కోయడంలో నాకు మంచి పేరు. నా రాక్షసుడు ఆవులిస్తే మెట్రో రైలు ఆగిపోయిందని చెప్పి, ఇద్దరు ఇంజనీర్లను నమ్మించిన ఘనత కూడా ఉంది.

రాక్షసుడికి కోరలుంటే చాలని ఆడేవాళ్లు ఈ రోజుల్లో ఒప్పుకోరు. మోటివేషన్ ఉండాలి. అంటే వాడు అలా ఎందుకయ్యాడో ఒక కారణం. చంపేటప్పుడు వీరుడి చెయ్యి కాస్త వణకాలి. ఆ వణుకు పుట్టించడంలో నన్ను మించినవాడు లేడని అప్పట్లో నా నమ్మకం.

ఆ ఎండల్లోనే ఎల్బీ నగర్ చౌరస్తాలో ఒక మనిషిని చూశాను. చెరుకురసం బండి ఆయనది. రోడ్డు పనుల కోసం ఆయన బండి మీద నీడ పట్టే వేపచెట్టు కొట్టేశారు. ఆయన రోడ్డు మధ్యకొచ్చి, పోయే ప్రతి బస్సునూ అరచేత్తో చరుస్తూ “నా నీడ నాకియ్యున్రి!” అని అరుస్తున్నాడు. జనం ఫోన్లు తీసి వీడియోలు తీస్తున్నారు, కొందరు నవ్వుతున్నారు. నేను ఫోన్ తియ్యలేదు. వాళ్లకంటే శ్రద్ధగా విన్నాను. ఆ గొంతులో జీర, చివర్న పగిలే తీరు, ఆ చరుపు అన్నీ మనసులో దాచుకుని ఇంటికొచ్చాను.

ఆదివారానికల్లా వంతెన రాక్షసుడు సిద్ధం. ఒకప్పుడు చెట్టు నీడన కూర్చుని జనాన్ని ఏరు దాటించేవాడు. వంతెన కోసం ఆ చెట్టు కొట్టేశారు. ఇప్పుడు ఎవరినీ వంతెన దాటనివ్వడు. బల్లను అరచేత్తో చరుస్తూ “నా నీడ నాకియ్యున్రి!” అని అరిచాను.

“వామ్మో, ఏం గొంతండీ అంకుల్! మిమిక్రీ ప్రోగ్రాములు పెట్టుకోవచ్చు మీరు” అంటూ పడీపడీ నవ్వాడు తరుణ్. గుంటూరు కుర్రాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. నవ్వినకొద్దీ నేను ఇంకా గట్టిగా చరిచాను.

రాక్షసుడు కొన ఊపిరికొచ్చాడు. చివరి దెబ్బ లావణ్యది. బ్యాంకు పరీక్షల కోచింగ్ కోసం తుర్కయంజాల్ నుంచి వచ్చే నల్లగొండ అమ్మాయి, ఆటలో విలుకత్తె. ఎప్పుడూ అందరికంటే ఎక్కువ అల్లరి ఆమెదే. ఆరోజు మాత్రం డైస్ ముట్టుకోలేదు.

“సార్, గీ గొంతు మీకు యాడ దొరికింది?”

నా నోటికి అబద్ధం ముందొస్తుంది. “శ్రీశైలం అడవిలో ఒక సాధువు నేర్పాడమ్మా, ఆయన వయసు మూడొందలేళ్లు” అన్నాను. తరుణ్ మళ్లీ నవ్వాడు.

“అది మా నాయిన గొంతు. ఎల్బీ నగర్ల గా చెరుకురసం బండి మాదే. వీడియో చుట్టాలందరికీ పోయింది. మీరు గూడ గందుల్నే సూసిన్రా?”

“లేదమ్మా. నేను అక్కడే ఉన్నాను.”

“ఉండి ఏం జేసిన్రు?”

“విన్నాను.”

“అయ్యయ్యో, సారీ లావణ్యా, నాకు తెలీదు. ఆపేద్దాం అంకుల్” అన్నాడు తరుణ్.

“ఆపుడేం లేదు. నా టర్న్ ఇది.” ఆమె నా కళ్లలోకి చూస్తూ రాక్షసుణ్ణి అడిగింది. “ఏమిస్తే తొవ్వ ఇడుస్తవ్?”

నేను నోరు తెరిచాను. ఆ గొంతుతో మాట్లాడే ధైర్యం లేదు. నా గొంతుతో చెబుదామంటే జవాబు లేదు. వాడి ఏడుపంతా వివరంగా రాసుకున్నాను. ఏమిస్తే శాంతిస్తాడో ఒక్క ముక్క రాసుకోలేదు. ఎలాగూ చచ్చేవాడికి అదెందుకు అనుకున్నాను. వాడి దుఃఖం నాకు ఆటలోకి తాలింపు, అంతే.

“చెప్పున్రి సార్. రాక్షసుడు మీరే గదా.”

“నాకు తెలీదమ్మా” అన్నాను. గేమ్ మాస్టర్ అనకూడని మాట అది. “తెల్సుకున్నంకనే ఆడుదం” అని లావణ్య బ్యాగు తీసుకుని వెళ్లిపోయింది.

ఆ వారం తుర్కయంజాల్ వెళ్లాను. చెట్టు పోయాక ఆయన బండి అక్కడికి మార్చాడని చౌరస్తాలో కనుక్కున్నాను. రసం తాగుతూ, ఎవరో చెబితే విన్నట్టుగా ఆ రోజు సంగతి కదిపాను.

ఆయన సిగ్గుపడుతూ నవ్వాడు. “గానాడు నా దిమాక్ ఖరాబైంది సార్. చెట్టు మళ్ల రాదని నాకెర్క లేదా? గంతమందిల ఒక్కడొచ్చి ‘జర పక్కకు రా అన్నా’ అని చెయ్యి పట్టుకుంటే పోతుంటి. మీరెన్నడన్న గా చౌరస్తా దిక్కు పోతరా?”

“ఎప్పుడూ వెళ్లలేదు” అన్నాను.

తర్వాతి ఆదివారం లావణ్య వచ్చింది. ఏ మిమిక్రీ లేకుండా జవాబు చెప్పాను. “ఎవరైనా వచ్చి చెయ్యి పట్టుకుంటే పక్కకు వస్తాను.” ఆమె తన బొమ్మను జరిపి రాక్షసుడి బొమ్మ పక్కన పెట్టింది. డైస్ వెయ్యలేదు. తరుణ్ కూడా తన బొమ్మను అక్కడికే తెచ్చాడు.

ఆట అయ్యాక మెట్ల దగ్గర, ఆ జవాబు ఎవరిదో పోల్చుకున్నదానిలా అడిగింది. “మీరు గానాడు గాడ ఉన్నరని మా నాయినకు చెప్పిన్రా?”

“లేదు.”

“చెప్పున్రి మరి.”

అప్పటినుంచి ఏ రాక్షసుణ్ణి రాసినా, ఏమిస్తే ఊరుకుంటాడో అదే మొదట రాస్తున్నాను. బతికున్న మనిషి గొంతు మాత్రం ఎవరిదీ తీసుకోవడం లేదు. ఈ వృత్తిలో ఆ ఆట నాకు నేర్పింది ఇదే. తుర్కయంజాల్ మాత్రం ఆ తర్వాత మరో రెండుసార్లు వెళ్లి, రసం తాగి, ఆ సంగతి చెప్పకుండానే తిరిగొచ్చాను.