విరగని కీ

ఎల్బీనగర్ చౌరస్తా వెనక సందులో బ్రహ్మం లేత్ షాపు. బోర్డు మీద ‘ఇక్కడ కీ చేయబడును’ అని ఉండడంతో కొందరు తాళంకప్పలు పట్టుకొచ్చేవారు. వాళ్లకు ఎదురుగా ఉన్న తాళాల డబ్బా చూపించి పంపేవాడు. అతను చేసే కీ వేరు. మిషన్లో తిరిగే షాఫ్టుకూ దానిమీది గేరుకూ గాడి కోసి, ఆ గాడిలో దిగ్గొట్టే వేలెడంత ఉక్కు ముక్క. అది ఉంటేనే రెండూ కలిసి తిరుగుతాయి, లేకపోతే షాఫ్టు దారి షాఫ్టుది, గేరు దారి గేరుది. నల్లగొండ పల్లె విడిచి వచ్చిన నాటినుంచీ బ్రహ్మానికి అన్నం పెట్టింది ఆ ముక్కే.

ఢిల్లీ తెలంగాణ ఇస్తామని మళ్లీ వెనక్కి తగ్గిన ఆ చలికాలంలో, డిగ్రీ చదివే కొడుకు నరేష్‌కుమార్ తెలంగాణ కోసమని ప్రాణం తీసుకున్నాడు.

దినాలయ్యాక బ్రహ్మం షాపు తెరిచాడు. ఏడుపు రాలేదు. ఇంట్లో భార్య మల్లమ్మ ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లుతుంటే, అతను మంచం మీద కూర్చుని గోడకేసి చూసేవాడు. గుండె రాయిరా వీడిది అన్నారు చుట్టాలు. వాళ్లనని ఏం లాభం, అతనికీ అదే అనుమానం.

కాలనీ ఉద్యమ కమిటీ నడిపే భిక్షపతి చౌరస్తాలోని దీక్షా శిబిరంలో నరేష్ ఫొటో పెట్టి, దండ వేసి, బ్రహ్మాన్ని ముందు కూర్చోబెట్టాడు.

“కొందరు పోతెనే తెలంగాణ నిలబడ్తదే అన్నా. నీ కొడుకు ఊకెనే పోలే” అన్నాడు.

భిక్షపతి చెడ్డవాడేం కాదు. ఆ మాట అని కళ్లు తుడుచుకున్నాడు. బ్రహ్మం మాత్రం తలూపి, టీ తాగి, షాపుకు వచ్చేశాడు.

ఎండలు ముదిరాక, ఊడదీసిన షాఫ్టు, గేరు సంచిలో వేసుకుని సైదమ్మ వచ్చింది. దిల్‌సుఖ్‌నగర్ బస్ డిపో దగ్గర ఆమెది చెరుకు రసం బండి. ఆ ఎండాకాలం సంపాదనే ఏడాదంతా తిండి. ముదురు గడ ఇరుక్కున్నప్పుడల్లా మిషన్ కీ విరుగుతోందట.

“ఇరగని కీ చేసియ్యరాదే అన్నా. బేరం టైముకే ఇర్గుతది, పరేషానైతున్న.”

అందరూ అడిగేదే. బ్రహ్మం దగ్గర జవాబు తయారుగానే ఉంటుంది.

“ఇరగాల్నమ్మా. అందుకే మెత్తటిది ఏస్త. గది ఇరిగితెనే షాఫ్టు, గేరు బతుకుతయ్. చిన్నది పోతే ఏముంది, ఇంకోటి…”

ఆగిపోయాడు. భిక్షపతి చెప్పిన మాటే తన నోట్లోంచి వస్తోంది. ఇంకోటి వేసుకోవచ్చు అనాలి. నోరు రాలేదు.

లేచి, మూలన పడి ఉన్న లారీ కమాన్ పట్టీ ముక్క తీశాడు. అంత గట్టి ఉక్కు కీకి పనికిరాదని తెలియక కాదు. ఎర్రగా కాల్చి కోశాడు, ఆకురాయి పట్టాడు, మళ్లీ కాల్చి నూనెలో ముంచాడు. గాడిలో దిగ్గొట్టి, “ఇగ ఇరగది, పో” అన్నాడు.

వారం తిరక్కుండానే సైదమ్మ మిషన్‌ని ట్రాలీ ఆటోలో వేసుకొచ్చింది. ముదురు గడ ఇరుక్కుంది, మోటారు లాగింది, కీ లొంగలేదు. గేరు పగిలి, షాఫ్టు గాడి దగ్గర విరిగిపోయింది. కీకి గీత కూడా పడలేదు.

“నడి ఎండల్ల నా బతుకు ఆగం జేస్తివి గదనే. గిట్లైతదని నీకు తెల్వదా?”

“తెల్సు.”

“తెల్సి ఎట్ల చేస్తివి?”

బ్రహ్మం ఆ ముక్కను ఊడదీసి అరచేతిలో పెట్టుకున్నాడు.

“ఇరగనీకనే చేయబుద్ది కాలే సైదమ్మా. మా నరేష్ యాదికొచ్చిండు.”

చలికాలం నుంచి రాని ఏడుపు బ్రహ్మానికి అప్పుడు వచ్చింది. పట్టపగలు, షాపు ముందు జనం పోతుండగా, నోరు తెరిచి ఏడ్చాడు. ఆమె స్టూలు లాక్కుని పక్కన కూర్చుంది, బేరం సంగతి ఎత్తలేదు.

చాలాసేపటికి తేరుకుని, విరిగిన షాఫ్టును చేతిలోకి తీసుకున్నాడు.

“షాఫ్టు, గేరు నేనే చేసిస్త, పైసలొద్దు. కీ మాత్రం ఇంకెవ్వరితోనన్న చేయించుకో చెల్లే.”