పెద్దింట్లమ్మకు రెండు చెంబులు

పాలకొల్లులో మా పేటలోని నలభై ఏళ్ల లోపు వాళ్లలో సగం మందికి పురిటి నీళ్లు పోసింది పెద్దింట్లమ్మే. అత్తగారి దగ్గర నేర్చుకుందట. వీధిలో బ్యాంకు మేనేజరు ఎదురైనా, "ఏవయ్యా, నీళ్లు పోస్తుంటే నా చీరంతా తడిపేసేవాడివి" అంటుంది. ఆయన గబగబా వెళ్లిపోతాడు.

1996 డిసెంబరులో మా పాపకూ ఆమే పోసేది. రెండు కిలోల పిల్ల. ఆమె పీట మీద కూర్చుని, కాళ్లు చాపి, వాటి మీద పడుకోబెట్టగానే గుక్కపట్టేది. పెదవులు నీలంగా మారేవి.

నీళ్ల వేడిలోనే తేడా ఉందనుకున్నాను. జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను కనుక, బాయిలర్ కొనేటప్పుడే పాపకూ తల్లికీ ఎన్ని బిందెలు కావాలో, ఎంత చన్నీరు కలపాలో కాగితం మీద వేసుకుని పదిహేను లీటర్ల రాగి బాయిలర్ తెచ్చాను. కొబ్బరి డొక్కలతో కాచేవాళ్లం. ల్యాబ్ థర్మామీటరు బకెట్లో ముంచితే రోజూ ముప్పై తొమ్మిది డిగ్రీలే. అయినా ఏడుపే.

ఓ ఉదయం, ఏడుపు సరిగ్గా ఎప్పుడు మొదలవుతుందో చూద్దామని వాచీ పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

"మగాళ్లు చూసేది కాదండి ఇది. సర్లెండి, మీ సరదా మీది" అంది పెద్దింట్లమ్మ.

కాళ్ల మీద పడుకోబెట్టగానే పాప ఏడుపు అందుకుంది. చెంబు ఇంకా బకెట్లోనే ఉంది. ఒంటి మీద చుక్క పడలేదు. మరి ఏడుపు దేనికి?

"అమ్మా, మీ కాళ్లు చల్లగా ఉన్నాయా?"

"ఉండవాండీ మరి? ఇందాకే పై వీధిలో పసిపిల్లాడికి పోసి, నూతి దగ్గర నాలుగు చేదలు కుమ్మరించుకుని వచ్చాను. ఒక పురిటింటి తడితో ఇంకో పిల్లని ముట్టుకుంటామా?"

"ఈ చలిలో చన్నీళ్లా?"

"నాకెవరు కాస్తారండి వేణ్ణీళ్లు?"

"పోనీ ఇక్కడికొచ్చాక కాళ్ల మీద రెండు చెంబులు పోసుకోవచ్చుగా."

"మీ ఆవిడకి చాలవు. మళ్లీ కాగేదాకా కూర్చుంటే మూడో ఇల్లు ఏమవ్వాలి? చదువుకున్నోరు, లెక్కేసి తెచ్చారు కదాని ఊరుకున్నాను."

సాయంత్రం బాయిలర్‌ను రిక్షాలో వేసుకుని, అది అమ్మిన చంద్రరావు గారి కొట్టుకు వెళ్లాను. ఇరవై లీటర్లది మార్చి ఇమ్మన్నాను.

"చుట్టాలొచ్చారాండి?"

"నీళ్లు పోసే పెద్దింట్లమ్మ ముందు తన కాళ్ల మీద రెండు చెంబులు పోసుకోడానికి."

"అయితే పాతిక తీసుకోండి. కాళ్లొక్కటేనా, వెళ్లేముందు ఒళ్లు తడుపుకోవద్దా ఆవిడ?"

అక్కడే నిలబడి మళ్లీ లెక్క చూసుకున్నాను. ఆయన చెప్పిందే సరిపోయింది.

మర్నాడు పెద్దింట్లమ్మ ముందుగా మోకాళ్ల నుంచి పాదాల దాకా రెండు చెంబుల వేణ్ణీళ్లు పోసుకుంది. పాపను పడుకోబెట్టింది. వాచీలో నిమిషం గడిచింది. పాప చెంప ఆమె పిక్కకు ఆనించి, కళ్లు విప్పి చూస్తోంది. పెదవులు ఎర్రగానే ఉన్నాయి.

ఆఖర్న మిగిలిన వేణ్ణీళ్లు తను పోసుకుని, పొడి చీర కట్టుకుని మూడో ఇంటికి వెళ్లింది. అక్కడి పిల్లాడు ఏమన్నాడని మరుసటి రోజు ఆత్రంగా అడిగాను.

"ఏడ్చాడండి" అంది. "వాడికి ఆకలి."