గిరిబాబు ఆర్పిన ఎర్రదీపం

గిరిబాబుకు గాలి సోకిందని మా వీధి కుళాయి దగ్గర పుట్టిన మాట పాతపట్నం సంత దాకా పాకింది. పుట్టించింది మా పక్కింటి కుమారి. షెడ్డుకు తాళమేసి, తెల్లారేసరికి ఊరి బయట మలుపులో నిలబడి, తెల్లకారు కనిపిస్తే చాలు చెయ్యెత్తుతున్నాడట. దయ్యం పట్టిన కారుకు రిపేరు చేశాడు గనక అది వీడికి అంటుకుందట. రోడ్డు మీద నిలబడడం నిజం, మిగతాది కుమారి వండినది. నేను చదివింది ఐదో తరగతే గానీ, ఒక మాట చెవిన పడ్డాక దాని మొదలు చూడందే నాకు ముద్ద దిగదు. అందుకని గిరిబాబు భార్య ధనలక్ష్మి దగ్గర కూర్చుని కొంత, వాడి దగ్గర కొంత రాబట్టాను.

గిరిబాబు మా వీధి చివరింటివాడు. విజయనగరంలో కార్ల వైరింగ్ పని నేర్చుకుని వచ్చి ఇక్కడ షెడ్డు పెట్టాడు. మా ఇంట్లో మిక్సీ ఆగినా, పెళ్లిలో మైకు మూగబోయినా వాడే దిక్కు. మెత్తనివాడు. ‘నాకు తెలీదు’ అని ఎదుటివాణ్ణి పంపించలేడు. అదే వాడి రోగం.

శివాజీ అని ఒకడున్నాడు. తెల్లవారుజామున కళింగపట్నంలో ఎండుచేపల గంపలు కారులో వేసుకుని మా సంతకు తెస్తాడు, తిరిగి వెళ్లేటప్పుడు అదే కారులో మనుషుల్ని ఎక్కించుకుంటాడు. ఆ తెల్లకారులో స్టీరింగ్ ముందు ఎర్రదీపం ఒకటి వెలిగి ఆరలేదు. ఎయిర్‌బ్యాగ్ దీపం. గుద్దుకున్నప్పుడు మనిషికి అడ్డంగా ఉబ్బే సంచి ఎయిర్‌బ్యాగ్, అది చెడితే ఈ దీపం వెలుగుతుంది. దీపం చూసి జనం ఎక్కడం మానేస్తున్నారు, ఆర్పెయ్యమని శివాజీ వచ్చి కూర్చున్నాడు.

గిరిబాబు కారు జబ్బు పట్టే తన మిషను తగిలిస్తే ఒక నంబరు వచ్చింది. ముందు బి అక్షరం, పక్కన ఒకటి అంకె, ఆ వెనక ఇంకొన్ని అంకెలు. బి అంటే కారు ఒంటికి సంబంధించిన జబ్బులట: తలుపులు, అద్దాలు, సీట్లు, ఈ సంచులు. బి పక్కన సున్నా ఉంటే ఏ కంపెనీ కారుకైనా అర్థం ఒకటే. ఒకటి ఉంటే మాత్రం ఆ కంపెనీ సొంతంగా పెట్టుకున్న నంబరు. నాకు వెంటనే అర్థమైంది. మా వీధిలో ‘చిన్నతల్లీ’ అని ఏ గుమ్మం ముందు పిలిచినా ఒకరు పలుకుతారు. ఒక ఇంట్లో మనవరాలు, ఇంకో ఇంట్లో మంచం దిగలేని ముసలమ్మ. ఏ ఇల్లో తెలియకుండా పిలుపొక్కటే పట్టుకుంటే ఏం లాభం?

వీడు చేసింది సరిగ్గా అదే. మిషను నంబరు చూపించింది గానీ అర్థం చెప్పలేదు. ఫోనులో వేరే కంపెనీ కార్ల అర్థాలున్నాయి. అందులో ఆ నంబరుకు సీటుబెల్టు బకిల్ స్విచ్ అని ఉంది, బెల్టు పెట్టుకున్నదీ లేనిదీ కారుకు చెప్పేది. స్విచ్ మార్చాడు. దీపం ఆరలేదు. అవతల శివాజీ గోల. పోనీలే, బకిల్ గొడవే కదా అనుకుని, ఆ దీపం వైరును ఇంజన్ ఆయిల్ దీపంతో కలిపేశాడు. తాళం తిప్పితే రెండూ వెలుగుతాయి, బండి స్టార్టవగానే రెండూ ఆరిపోతాయి. శివాజీ వాణ్ణి కౌగిలించుకుని వెళ్లాడట.

తర్వాత శివాజీ కారు కంపెనీ షోరూములో పనిచేసే స్నేహితుడు వేరే పని మీద ఫోన్ చేస్తే, మాటల్లో వీడు ఆ నంబరు అడిగాడు. ఆ కార్లకు అది బకిల్ కాదు. డ్రైవరు సీటు పక్కనుంచి ఉబ్బే సంచికి, ఆ సీటు కింద నుంచి వెళ్లే వైరు జబ్బు. అప్పుడు గిరిబాబుకు గంపలు గుర్తొచ్చాయి. శివాజీ వాటిని తన సీటు వెనకే దింపుతాడు. ఉప్పునీరు కారి, సీటు కింద తివాచీ ఎప్పుడూ తడిగానే ఉంటుంది. ఆ తడిలోనే ఉంది సంచి వైరు తగిలే పసుపు సాకెట్టు. తుప్పు పట్టి ఉంటుంది. గుద్దుకున్న రోజు ఆ సంచి ఉబ్బదు. ఆ సంగతి చెప్పే ఒక్క దీపాన్నీ వీడే ఆర్పేశాడు.

ఫోన్ చేస్తే శివాజీ ఎత్తలేదు. మర్నాటి నుంచే శివాజీ బండి వచ్చే దారి మలుపులో నిలబడడం. వంశధార మీంచి మంచు దిగే రోజులు, ఎదురొచ్చే లారీ దగ్గరకొచ్చేదాకా కనిపించదు. ధనలక్ష్మి అన్నం పెడితే ముద్ద కలిపి అలాగే ఉంచుతున్నాడు. హారను వినపడితే లేచి గుమ్మంలోకి పోతున్నాడు. కుమారి దాన్నే గాలి అంది.

మొన్న మలుపుకు పోవడం కూడా మానేశాడు. అరుగు మీద గోడకానుకుని కూర్చున్నాడు. అది చూసి నాకు మరీ భయమేసింది. పక్కన కూర్చుని సూటిగా అడిగాను.

“ఒరే గిరీ, శివాజీ కనిపించినాడా నేదా? సెప్పినావా నేదా?”

తన వేళ్ల వంక చూసుకుంటూనే చెప్పాడు.

“కనిపించినాడు పిన్నీ. బండికి అడ్డం నిలబడి అంతా సెప్పినాను. తాళమియ్యి, ఆ దీపం మళ్లీ ఎలిగించీస్తానన్నాను. ఆడు బండి స్టార్ట్ సేసి నాకే సూపించినాడు. ‘ఏదిరా దీపం? నువ్వే కదేటి బాగు సేసినావు’ అని నవ్వి, జనాన్ని ఎక్కించుకుని ఎల్లిపోనాడు.”